బోను తెరిస్తే సరిపోదు

జేమీకి బూట్లంటే పిచ్చి. కౌబాయ్ బూట్లయితే మరీను. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో క్లీ ఎలమ్ అనే చిన్న ఊరి దగ్గర, కొండల నడుమ ఒక చింపాంజీ శరణాలయం ఉంది. 2008 జూన్‌లో అక్కడికి చేరిన ఏడు చింపాంజీల్లో పెద్దరికం జేమీది. బూట్ల బొమ్మలున్న పుస్తకం ముందేసుకుని పేజీలు తిప్పేది. ఆ తర్వాత సంరక్షకురాలు బూట్లు తొడుక్కుని రావాలని సైగ చేసేది. ఆమె తొడుక్కుని వచ్చి రెండెకరాల గుట్ట చుట్టూ కంచె బయట నడవాలి, లోపల పక్కనే జేమీ నడుస్తుంది. ఒక చుట్టు అయ్యాక మళ్ళీ ఇంకో చుట్టు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది జేమీయే.

చూసేవాళ్ళకు ఇదంతా తమాషా. చింపాంజీల సంరక్షణ విద్యలో ఇంతకు మించిన పనితనం నాకైతే ఎక్కడా కనబడలేదు. ఆ ఏడుగురూ హెపటైటిస్ టీకాల ప్రయోగాల్లో నలిగినవాళ్ళు. పెన్సిల్వేనియాలో కిటికీల్లేని బేస్‌మెంట్‌లో ఏళ్ళ తరబడి ఉన్నారు. ఏం తినాలో, ఎవరి పక్కన ఉండాలో, సూది ఎప్పుడు పొడిపించుకోవాలో అన్నీ వేరేవాళ్ళే నిర్ణయించారు. వాళ్ళలో ఒకరైన జోడీ కన్న పిల్లల్ని ఒక్కొక్కరినే ఆమె దగ్గర్నుంచి తీసుకుపోయారు. ఇంకొకరైన నెగ్రాను 1973లో ఆఫ్రికాలో పట్టి తెచ్చారు. అలాంటి బతుకు బతికిన ప్రాణి ఒక మనిషిని పిలిచి, ఫలానా బూట్లేసుకుని నా వెంట నడువు అని ఆజ్ఞ వేయగలిగిందంటే, ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు. దాని వెనక ఏళ్ళ చాకిరీ ఉంది.

ఈ చాకిరీని ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. మన జూలలోనూ ఈ మాట వినబడుతూనే ఉంటుంది. బోనులో ఒక టైరు వేలాడదీసి, రిజిస్టర్లో టిక్కు పెట్టి, పనైపోయిందనుకునేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఆ టైరుతో చింపాంజీ రెండు రోజులు ఆడుతుంది, మూడో రోజు దానివైపు కన్నెత్తి చూడదు. ఆటవస్తువు పడేస్తే ఎన్‌రిచ్‌మెంట్ కాదు. తన రోజు మీద తన పెత్తనాన్ని ఆ ప్రాణికి తిరిగి అప్పగించాలి. మిగతావన్నీ అందుకు సాధనాలు.

తిండి సంగతే చూడండి. అడవిలో చింపాంజీ మెలకువగా ఉన్న సమయంలో సగానికి సగం తిండి వెతుక్కోవడానికి, తినడానికే పోతుంది. బోనులో పళ్ళెం తోస్తే పది నిమిషాల్లో ఖాళీ. మిగిలిన పొద్దంతా ఏం చేస్తుంది? ఒంటిమీది వెంట్రుకలు పీక్కుంటుంది. ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుంటుంది. తిన్నది కక్కి మళ్ళీ తింటుంది. అందుకే చేయి తిరిగిన సంరక్షకులు తిండిని అందివ్వరు, దాస్తారు. ఆవరణ నిండా గింజలు చల్లుతారు, దుంగలకు తొలిచిన రంధ్రాల్లో ఎండుద్రాక్ష కూరతారు, పళ్ళరసం గడ్డ కట్టించి ఇస్తారు. క్లీ ఎలమ్‌లో పొద్దుపోయాక ఒక్కొక్కరికి ఒక కాగితం సంచి ఇచ్చే అలవాటుంది. దాని నిండా గింజలు, పప్పులు ఉంటాయి. విప్పి, ఏరి, వలుచుకుని తినేసరికి పడుకునే వేళవుతుంది.

వీటన్నిటిలోకీ నాకు ప్రాణం కృత్రిమ చెదలపుట్ట. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో డేవిడ్ గ్రేబియర్డ్ అనే మగ చింపాంజీ గడ్డిపరకతో పుట్టలోంచి చెదలు లాగి తినడం జేన్ గుడాల్ చూసింది. పనిముట్టు చేసుకునేది మనిషి ఒక్కడే అన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. శరణాలయాల్లో సిమెంటుతో పుట్ట కట్టి, లోపల సన్నటి గొట్టాలు బిగించి, వాటిలో తేనో ఆవపిండి సాసో పోస్తారు. పనిలో సగం నైపుణ్యం ఇవ్వనిదాంట్లో ఉంది. పుల్లలు తయారుగా ఇవ్వకూడదు. ఆకులున్న కొమ్మ పడేసి ఊరుకోవాలి. చింపాంజీ కొమ్మ విరుస్తుంది, పళ్ళతో ఆకులు దూస్తుంది, కొన నమిలి కుంచెలా చేసుకుంటుంది. పొడవు చాలకపోతే పారేసి ఇంకొకటి విరుస్తుంది. లోపలికి దూర్చి, తేనె జారిపోకుండా మెల్లగా, చాలా మెల్లగా బయటికి లాగి నాలిక్కి రాసుకుంటుంది. పసిగుడ్డుగా ఉండగా తల్లిని పోగొట్టుకున్న చింపాంజీకి ఈ విద్య నేర్పినవాళ్ళు లేరు. పక్కవాళ్ళను చూసి నేర్చుకోవాలి. అందుకే పుట్టను ఒక మూల కాకుండా నలుగురూ చుట్టూ కూర్చునే చోట కట్టాలి. ఇది తెలిసిన మేస్త్రీ వేరు, తెలియని మేస్త్రీ వేరు.

పడక సంగతీ అంతే. అడవి చింపాంజీ ప్రతి రాత్రీ కొమ్మలు వంచి కొత్త గూడు అల్లుకుని పడుకుంటుంది. ల్యాబుల్లో నేల మీదే పడుకున్నవాళ్ళకు దుప్పట్ల కుప్ప ఇస్తే ఏం చేస్తారు? నెగ్రా కుప్ప మధ్యలో దూరి, అంచులు చుట్టూ సర్ది, ఒకటి తలమీద కప్పుకుని కూర్చునేది. అక్కడివాళ్ళు ఆమెను మహారాణి అనేవారు. అన్ని దుప్పట్లూ రోజూ ఉతికి ఆరేసి పరిచే పనిని ఎవరూ ఫొటోలు తీయరు.

ఇంకొక విద్య ఉంది, దానికి చప్పట్లు కొట్టాల్సిందే. ల్యాబుల్లో సూది వేయాలంటే ముందు మత్తు బాణం వేసేవారు. తుపాకి కనబడగానే గది గదంతా కేకలు. అలాంటి బతుకు నుంచి వచ్చిన చింపాంజీ, అడగ్గానే తనంతట తానే భుజాన్ని జాలీకి ఆనించి సూది వేయించుకునేలా చేస్తారు. మొదట భుజం ఆనిస్తే చాలు, ద్రాక్షపండు. తర్వాత సూది లేని సిరంజీ తాకితే ఒకటి. తర్వాత అసలు సూది. ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోవచ్చు, దానికి శిక్ష లేదు. వెళ్ళిపోయే హక్కు ఉంది గనుకే మళ్ళీ వస్తుంది.

అన్నిటికన్నా కష్టం కొత్తవాళ్ళను గుంపులో కలపడం. పెళ్ళి సంబంధం కలిపినంత నేర్పు కావాలి. ముందు జాలీకి అటూ ఇటూ ఉంచుతారు. వేళ్ళు కలుస్తున్నాయా, ఒంటి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా, లొంగుబాటు తెలిపే ఆ చిన్న గుర్రుగుర్రు వినబడుతోందా అని కనిపెడుతుంటారు. తర్వాత గుంపులో అందరికన్నా నెమ్మదస్తురాలైన ఆడదాన్ని ఒక్కదాన్నే లోపలికి వదులుతారు. కొత్తవాడికి ఒక అండ దొరికాకే పెద్ద మగవాడి వంతు. వరస తప్పితే వేళ్ళు తెగిపడతాయి.

ఈ విద్యకు నా లెక్కన పుట్టిల్లు జాంబియాలోని చిమ్‌ఫున్షీ. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. పెద్ద జూలవాళ్ళు వాళ్ళ పరిశోధన పత్రాలు చూపించి ఎంత మొత్తుకున్నా సరే. డేవిడ్, షీలా సిడిల్ పశువులు పెంచుకునే దంపతులు. 1983లో గాయాలతో చావుకు సిద్ధంగా ఉన్న పాల్ అనే పిల్ల చింపాంజీ వాళ్ళింటికి వచ్చింది. బతికింది. ఆ కబురు పాకి ఎక్కడెక్కడి చింపాంజీలో వచ్చిపడ్డాయి. ఇద్దరిలో ఎవరూ జంతుశాస్త్రం చదివినవాళ్ళు కారు.

వాళ్ళ దగ్గరికి వచ్చి, గుంపులు కలపడం మీదే డాక్టరేట్ చేసిన అమెరికన్ కెరోల్ నూన్ చేసిన ఘనకార్యం వింటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. అంతరిక్ష ప్రయోగాల కోసం పోగేసిన చింపాంజీలను, వాళ్ళ సంతానాన్ని అమెరికా వైమానిక దళం ల్యాబులకు ధారాదత్తం చేస్తే ఆమె కోర్టుకెక్కింది. 21 మందిని దక్కించుకుంది. అంతకు ముందే 1997లో ‘సేవ్ ది చింప్స్’ పెట్టింది. 2002లో న్యూమెక్సికోలోని అలమొగోర్డోలో ఒక ల్యాబు దివాలా తీస్తే, భవనాలతో సహా 266 చింపాంజీలను నెత్తికెత్తుకుంది. అందులో ఒక భవనానికి చెరసాల అనే పేరుండేది. ఒంటరి బోన్ల మధ్య గోడలు కొట్టించింది. ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉన్నవాళ్ళను జంటలుగా, జంటలను కుటుంబాలుగా ఓపికగా అల్లుకొచ్చింది. ఫ్లోరిడాలో మూడేసి ఎకరాల దీవులు 12 తవ్వించి, లారీలో పదేసి మందిని చొప్పున దేశం ఈ కొస నుంచి ఆ కొసకు తరలించడం మొదలుపెట్టింది. 2009లో ఆమె పోయింది. చివరి లారీ 2011 డిసెంబరులో ఫ్లోరిడా చేరింది. ఇంత పని చేసిన మనిషి పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు?

చిమ్‌ఫున్షీ గురించి ఇంకొక్క ముచ్చట. 2010లో అక్కడ జూలీ అనే ఆడ చింపాంజీ ఒక గడ్డిపోచను చెవిలో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. దానివల్ల తిండి దొరకదు, దురద తీరదు, ఏ లాభమూ లేదు. అయినా ఆ గుంపులోని 12 మందిలో ఎనిమిది మంది ఆ సింగారం నేర్చారు. జూలీ చనిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. పక్క ఆవరణల్లోని గుంపులకు మాత్రం అప్పట్లో అది అంటలేదు. పరిశోధకులు దీన్ని సంప్రదాయం అన్నారు. కడుపు నిండి, భయం తీరి, తోటివాళ్ళు తోడుంటేనే కదా సింగారం మీదికి మనసు పోయేది! ఏ జూ తన ఎన్‌రిచ్‌మెంట్ గొప్పదని చెప్పుకున్నా నేను అడిగేది ఒకటే, మీ దగ్గర గడ్డిపోచ పెట్టుకున్నవాళ్ళు ఉన్నారా?

సియెర్రా లియోన్‌లోని టకుగామాది ఇంకో దారి. దాన్ని పెట్టింది శ్రీలంక నుంచి వెళ్ళిన బాలా అమరశేకరన్ అనే అకౌంటెంట్. 1988లో ఒక పల్లెలో రోగంతో మూలుగుతున్న పిల్ల చింపాంజీని 20 డాలర్లకు కొని, బ్రూనో అని పేరు పెట్టి, ఇంట్లో పెంచాడు. 1995లో ఫ్రీటౌన్ పక్క అడవిలో శరణాలయం కట్టాడు. అంతర్యుద్ధం వచ్చింది, ఎబోలా వచ్చింది, కోవిడ్ వచ్చింది, అది నిలబడింది. 2006లో ఆ బ్రూనోయే సుమారు ముప్పై మందిని వెంటబెట్టుకుని తాళాలు దాటి పారిపోయాడు. దారిలో ఒక కారు మీద పడి డ్రైవర్‌ను చంపారు. తర్వాత చాలామంది తిరిగొచ్చారు, బ్రూనో మాత్రం రాలేదు. ఈ ఘోరాన్ని దాచి శరణాలయాల గొప్ప చెప్పడం నాకిష్టం లేదు. ఎదిగిన చింపాంజీ మనిషి చేతికి అందే ప్రాణి కాదు. మంచి శరణాలయంలో మనిషి జాలీకి ఇవతలే ఉంటాడు.

నకిలీలను పట్టుకోవడానికి ఇదే గీటురాయి. చింపాంజీ పిల్లను మీ ఒళ్ళో పెట్టి ఫొటో తీసుకోమన్న చోటు శరణాలయం కాదు, వ్యాపారం. పిల్లలు పుట్టించి చూపించే చోటూ కాదు. నిఖార్సయిన శరణాలయాలు గర్భనిరోధం పాటిస్తాయి. చింపాంజీ యాభై అరవై ఏళ్ళు బతుకుతుంది, ఉన్నవాళ్ళకే చోటు చాలదు మరి. ఇక ఆ వీడియోలు! డైపర్ కట్టి, చొక్కా తొడిగి, చేతికి ఫోనిచ్చి, పాట పెట్టి వదులుతారు. కింద వేల మంది ‘సో క్యూట్’. ఈ దరిద్రం కొత్తది కాదు. లండన్ జూలో 1926 నుంచి 1972 దాకా చింపాంజీలతో టీ పార్టీలు చేయించారు. అక్కడి ఒక టీపొడి కంపెనీ ప్రకటనల్లో 2002 దాకా చింపాంజీలే నటులు. ఆ ప్రకటనల్లో పళ్ళన్నీ బయటపెట్టి ‘నవ్వే’ ముఖం చూశారా? చింపాంజీ భాషలో అది భయం. నిజంగా ఆటలో ఉన్న చింపాంజీ నోరు సడలించి తెరుస్తుంది, పైపళ్ళు కప్పే ఉంచుతుంది. వణికిపోతున్న ప్రాణిని చూసి తరతరాల పిల్లలు నవ్వారు. మైకేల్ జాక్సన్ చంకనేసుకు తిరిగిన బబుల్స్‌ను పెరిగాక ఎవరూ ఇంట్లో ఉంచుకోలేకపోయారు. ఫ్లోరిడాలోని ఒక శరణాలయమే దిక్కయింది. 2009లో కనెక్టికట్‌లో ట్రావిస్ అనే పెంపుడు చింపాంజీ ఒకామె ముఖం చీల్చేసింది. తప్పు ట్రావిస్‌ది అనడానికి నాకు నోరు రాదు.

ఒక్క పిల్లను అడవిలోంచి ఎత్తుకురావాలంటే తల్లిని, అడ్డొచ్చిన పెద్దవాళ్ళను చంపాల్సిందే. ఇది మనకు దూరపు సంగతి కాదు. 2018లో కోల్‌కతాలో అక్రమ రవాణా కేసులో పట్టుబడ్డ మూడు చింపాంజీలను ఈడీ ఆస్తి కింద అటాచ్ చేసింది. అవి అలీపూర్ జూకు చేరాయి. శరణాలయం నడిపే పని మనవాళ్ళకు చేతకాదని కూడా అనలేం. సర్కస్‌లలో సింహాలను, పులులను ఆడించడం నిషేధించాక, దిక్కులేనివాటికి నీడ ఇచ్చినవాటిలో తిరుపతి, విశాఖ రెస్క్యూ సెంటర్లూ ఉన్నాయి.

టకుగామా ఇప్పుడు ఇంకో యుద్ధంలో ఉంది. చుట్టూ అడవిని నరికి ఇళ్ళ స్థలాలు వేస్తున్నారు. 2019లో చింపాంజీని జాతీయ జంతువుగా ప్రకటించిన దేశంలోనే ఈ అన్యాయం. దాన్ని ఎదిరిస్తూ 2025 మే నెలాఖరులో శరణాలయం సందర్శకులకు గేటు మూసేసింది, టికెట్ల డబ్బు పోతుందని తెలిసీ.

అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో, బెల్‌వ్యూలో ఉన్న మనవాళ్ళు ఐ-90 రోడ్డు మీద కొండలు దాటి షికార్లు వెళ్తూనే ఉంటారు. క్లీ ఎలమ్ ఆ దారిలోదే. ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి రానివ్వరు, వాళ్ళు సందర్శకులను పిలిచే రోజు తెలుసుకుని వెళ్ళండి. మిగతావాళ్ళం కలిగింది పంపుదాం, ఏ శరణాలయానికైనా సరే. అదీ కుదరకపోతే ఫ్యామిలీ గ్రూపులోకి ఆ డైపర్ వీడియో వచ్చినప్పుడు ఇంకొకరికి పంపకండి.