నేల పట్టు దొరక్క

మేకును గోడలోకి కొట్టేటప్పుడు అందరి చూపూ సుత్తి మీదే ఉంటుంది. దెబ్బ దెబ్బకూ మేకు వెనక్కి జారకుండా పట్టి ఉంచేది మాత్రం గోడ. అంగారకుడి మీద ఇన్‌సైట్ ల్యాండర్ బృందాన్ని దాదాపు రెండేళ్లు తిప్పలు పెట్టింది ఈ పట్టే.

ఆ ల్యాండర్‌తో వెళ్లిన, జర్మన్ ఏరోస్పేస్ సెంటర్ తయారుచేసిన తవ్వే పరికరం పేరు మోల్. పొడవు 40 సెంటీమీటర్లు, లావు మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. సుత్తి దాని కడుపులోనే ఉంటుంది. తనను తానే కొట్టుకుంటూ, ఉష్ణోగ్రత కొలిచే రిబ్బను తీగను వెంట లాక్కుంటూ 5 మీటర్లు దిగాలి. గ్రహం లోపలి నుంచి ఎంత వేడి పైకి వస్తోందో చెప్పాలి. 2019 ఫిబ్రవరి 28న పని మొదలైంది. ముప్పై సెంటీమీటర్లు దాటీ దాటకముందే ఆగిపోయింది.

అడ్డం పడింది రాయి కావచ్చని మొదట అనుమానించారు. అసలు చిక్కు మట్టిలో ఉంది. పైపొర పెంకులా గట్టిపడి ఉంది. దెబ్బలకు మోల్ చుట్టూ గుంట పడిందే తప్ప, మట్టి జారి వచ్చి దాన్ని హత్తుకోలేదు. ఒరిపిడి లేక, కొట్టిన ప్రతిసారీ మోల్ ఉన్నచోటే ఎగిరెగిరి పడింది.

అప్పుడు ల్యాండర్ చేతికున్న చిన్న పారతో మోల్‌ను పక్కనుంచి అదిమారు. కదిలింది! అంతలోనే 2019 అక్టోబరు చివర్లో సగం దాకా బయటికి తన్నుకొచ్చింది. ఈసారి పారను నెత్తిన ఆనించి, నెలల తరబడి కొంచెం కొంచెంగా కిందికి నెట్టారు. మొత్తానికి మట్టిలో మునిగింది. 2021 జనవరి 9న మరో 500 దెబ్బలు కొట్టించినా అంగుళం దిగలేదు. ఇక చాలన్నారు.

ఆ శ్రమను వైఫల్యం అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం. పై 40 సెంటీమీటర్ల మట్టి వేడిని ఎంత మేర ప్రసరింపజేస్తుందో మోల్ కొలిచింది. పారతో నేర్చిన ఒడుపు తర్వాత ల్యాండర్‌కు దాని భూకంపమాపిని కలిపే తీగ మీద మట్టి కప్పడానికి అక్కరకొచ్చింది.

2023 జులైలో శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3లోనూ ఇలా నేలలోకి దిగి వేడి కొలిచే పరికరం ఒకటి ఉంది, పేరు చాస్టే. దానికి సుత్తి లేదు. పది సెన్సర్లున్న కడ్డీని మోటారు నిదానంగా చంద్రుడి మట్టిలోకి దించింది. పైన 50 డిగ్రీలు దాటిన వేడి, 8 సెంటీమీటర్ల లోతుకే మైనస్ 10 దాకా పడిపోయింది. అరచేయి వెడల్పంత లోతులో అరవై డిగ్రీల తేడా!