‘పాలు పడలేదు’ అనే మాటను గూర్చి

చిలకలూరిపేటలోను, దాని చుట్టుపట్ల పల్లెలలోను బాలింత ఉన్న ఇంట తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: “బిడ్డకు తల్లిపాలు పడలేదు.” బిడ్డ పాలు కక్కితే ఆ మాటే. రోజుకు పదిసార్లు పలుచగా విరేచనమైతే ఆ మాటే. అయిదు రోజులు విరేచనం కాకపోయినా ఆ మాటే. దీపాలు పెట్టే వేళకు గుక్కపట్టి ఏడ్చినా మళ్ళీ అదే. ఒకదానికొకటి పొసగని నాలుగు లక్షణాలకు ఒకే కారణం చెప్పే సిద్ధాంతాన్ని శాస్త్రం అనుమానంతో చూస్తుంది. అయితే అనుమానించడం వేరు, విచారించకుండా తోసివేయడం వేరు. తెలుగు దేశంలో ఈ మాటకు ఒక చరిత్ర ఉన్నది. అందులో కొంత నిజమూ ఉన్నది.

ముందు ఆ లక్షణాలను చూద్దాం. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట ఒక కండరపు కట్టు ఉంటుంది. పెద్దవారిలో అది తిన్నదానిని పైకి రానీయదు. పసివానిలో ఆ కట్టు ఇంకా బిగువెక్కలేదు. పైగా వాని ఆహారమంతా ద్రవమే. వాడు పడుకుని ఉండేదీ ఎక్కువే. కనుక తాగిన పాలలో కొంత పెదవుల వెంట కారుతుంది. సగానికి పైగా శిశువులలో ఇది కనిపిస్తుంది. నాలుగవ నెల ప్రాంతంలో హెచ్చుగా ఉండి, ఏడాది నిండేసరికి చాలామందిలో మానుతుంది. బిడ్డ హాయిగా ఉండి, బరువు పెరుగుతూ ఉంటే అది చాకిరేవు సమస్యే గాని వైద్య సమస్య కాదు.

విరేచనాల సంగతి ఇంకా విచిత్రమైనది. పుట్టిన తొలి రోజులలో నల్లని జిగురు మలం వస్తుంది. ముర్రుపాలు దానిని త్వరగా వెళ్ళగొట్టడానికి తోడ్పడతాయి. తరువాత అది ఆకుపచ్చకు, నాలుగైదు రోజులకు ఆవపిండి రంగుకు మారుతుంది. పలుచన, చిన్న పలుకులు, పులిసిన వాసన, ఇవన్నీ తల్లిపాల బిడ్డకు సహజాలు. కారణం పాలలోనే ఉన్నది. తల్లిపాలలో నూటికి దాదాపు 7 పాళ్ళు లాక్టోజు అనే పాలచక్కెర. దానిని లాక్టేజు అనే ఎన్‌జైము విడగొడుతుంది. విడగొట్టబడని భాగం పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. ఆమ్లము, వాయువు పుడతాయి. ఇవిగాక శిశువు ఏ మాత్రమూ జీర్ణించుకోలేని మరికొన్ని చక్కెరలు కూడా తల్లిపాలలో ఉన్నవి. బిడ్డకు అరగని పదార్థాన్ని ప్రకృతి పాలలో ఎందుకు పెట్టినట్లు? అది బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులో కాపురముండే మేలైన సూక్ష్మజీవుల కోసం. వాటిలో ముఖ్యమైన బిఫిడోబాక్టీరియాన్ని 1899లో పారిస్ పాశ్చర్ సంస్థలో తిస్సియే అనే శాస్త్రజ్ఞుడు తల్లిపాలు తాగే శిశువు మలం నుండే వేరుచేశాడు. నెల దాటిన తరువాత అదే బిడ్డకు కొన్ని రోజులపాటు విరేచనం కాకపోవడమూ కద్దు. తల్లిపాలు దాదాపు పూర్తిగా ఒంటబట్టడమే అందుకు కారణం. వచ్చిన మలం మెత్తగా ఉన్నంతవరకు దానిని మలబద్ధకం అనరాదు.

సాయంకాలపు ఏడుపుకు 1954లో వెసెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక కొలత పెట్టారు: రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి. ఈ ఏడుపు ఆరవ వారం దగ్గర ముమ్మరమై, మూడు నాలుగు నెలలకు తనంతట తానే తగ్గుతుంది. పోతపాల బిడ్డలూ తల్లిపాల బిడ్డలవలెనే ఇలా ఏడుస్తారు. ఈ ఒక్క సంగతి చాలు, నేరం తల్లిపాలది కాదని చెప్పడానికి. తానుగా తగ్గే బాధకు ఏ మందు పోసినా, తగ్గిన కీర్తి ఆ మందుకే దక్కుతుంది. చిట్కాల ప్రతిష్ఠ చాలావరకు ఇలా సంపాదించినదే.

మరి ఈ మాటలో నిజమెక్కడున్నది? ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి వ్యాధికి పేరు మోసినవి. మరపట్టిన పచ్చిబియ్యం తినడం, దానిని పలుమార్లు కడగడం, గంజి వార్చి పారబోయడం, ఈ మూడింటివలన థయమిన్ అనే బి-1 విటమిన్ తవుడుతోను నీటితోను పోయేది. ఉప్పుడుబియ్యం తినేవారికి ఈ ముప్పు తక్కువ. ధాన్యం ఉడికేటప్పుడు ఆ విటమిన్ కొంత గింజలోపలికి ఇంకుతుంది. తల్లికి థయమిన్ కొరత ఉంటే ఆమె పాలలోనూ కొరతే. చూడడానికి పుష్టిగా ఉండి, తల్లిపాలు తప్ప మరేమీ ఎరుగని బిడ్డ, రెండు మూడు నెలల వయసులో పాలు కక్కుతూ, రొమ్ము విడిచిపెట్టి, గొంతు రాసిపోయి ఏడుపు బయటికి రాక, గుండె ఆగి హఠాత్తుగా మరణించేవాడు. 1941లో కూనూరు పోషకాహార పరిశోధనాలయానికి చెందిన ఐక్రాయిడ్, కృష్ణన్ మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలను గూర్చి ప్రత్యేకంగా వ్యాసం ప్రచురించారు. అటువంటి మరణాన్ని కళ్ళారా చూసిన అమ్మమ్మ “పాలు పడలేదు” అంటే ఆమెను మూఢురాలనడానికి వీలులేదు. ఆమె గమనించినది సరియైనదే. తీర్మానం మాత్రం తప్పు. లోపం తల్లి పళ్ళెంలో ఉన్నది. తల్లికీ బిడ్డకూ థయమిన్ ఇస్తే గంటలలో కోలుకునే జబ్బు అది. (పలనాటి జొన్నకూటిని ఎగతాళి చేసే చాటువులను శ్రీనాథునికి ఆపాదిస్తారు. ఆ కవి వెక్కిరించిన జొన్నలో ఉన్నంత విటమిన్ మరపట్టిన సన్నబియ్యంలో లేదు.)

ఈ చరిత్ర తెలిసినవారికి బాలింత పత్యం మీద కోపం రాక మానదు. పప్పు వద్దు, ఆకుకూర వద్దు, నీళ్ళు తక్కువ తాగు, పాతబియ్యపు అన్నంలో కారప్పొడి కలుపుకో. బిడ్డ పొట్ట బాగుండాలని తల్లి పొట్ట మాడ్చే పద్ధతి ఇది. సి. గోపాలన్, భవాని బెళవాడి 1950-60 దశాబ్దాలలో పేద భారత స్త్రీల పాలను పరీక్షించారు. చాలీచాలని తిండి తినే తల్లుల పాలలో కూడా మాంసకృత్తులు, చక్కెర పెద్దగా తగ్గలేదు. విటమిన్లు మాత్రం తల్లి తిండినిబట్టి తగ్గాయి. అనగా, తల్లి శరీరం తనను అరగదీసుకుని బిడ్డకు పోస్తుంది. పత్యం పెట్టేవారు ఆ అరుగుదలను హెచ్చిస్తారు.

ఇక చిట్కాలు. ఉగ్గుగిన్నెలో ఆముదం వేసి బిడ్డ నోట పోయడం ఇప్పటికీ ఉన్నది. ఆముదం పేగును రేపి విరేచనం చేయిస్తుంది, శుభ్రం చేయదు. పైగా నూనె పొరపాటున ఊపిరితిత్తులలోకి జారితే ఒకరకమైన న్యుమోనియా కలుగుతుంది. తేనెలో బొటులినం సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పసివారిలో దానివలన కలిగే పక్షవాతాన్ని 1976లో గుర్తించారు. వసకొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయంటారు. ‘వసపిట్ట’ అనే మాట అలా పుట్టినదే. అందులోని ఆసరోన్ అనే పదార్థం హానికరమని 1968లో అమెరికా వసను ఆహారంలో కలపడం నిషేధించింది. పట్నపు ఇళ్ళలో వీటి స్థానాన్ని గ్రైప్ వాటర్ ఆక్రమించింది. 1851లో ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌కు చెందిన వుడ్‌వర్డ్ తయారుచేసిన ఈ ద్రవంలో సోపుగింజల జాతికి చెందిన శతపుష్పపు నూనె, సోడా, చక్కెర ఉండేవి. ఆ రోజులలో ఆల్కహాలు కూడా ఉండేది. బిడ్డ నిద్రపోవడంలో ఆశ్చర్యమేమున్నది? ఆల్కహాలును తరువాత తీసివేశారు, కీర్తి మాత్రం మిగిలింది.

వీటన్నిటికంటె హాని చేసేది పోతపాలు. గేదెపాలలో మాంసకృత్తులు తల్లిపాలలోకంటె దాదాపు నాలుగు రెట్లు. లేత మూత్రపిండాలకు అది బరువు. డబ్బాపాలు కలిపే నీరు, సీసా శుభ్రంగా లేకపోతే అతిసారం. కాని అసలు నష్టం రొమ్ములో జరుగుతుంది. బిడ్డ ఎంత తాగితే అంత ఊరడం పాల స్వభావం. తాగక నిలిచిన పాలు తరువాతి ఊటను అణచివేస్తాయి. ఒక పూట సీసా పట్టితే ఆ పూట ఊట తగ్గుతుంది. తగ్గిన ఊట మరొక సీసాకు సాక్ష్యమవుతుంది. పదిహేను రోజులలో “పాలు పడలేదు” అనే జోస్యం తనను తానే నిజం చేసుకుంటుంది.

ఇందుకు అమ్మమ్మలను మాత్రమే నిందించడం న్యాయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరిగాయి. పుట్టిన గంటలోపల తల్లిపాలు అందినవారు 41.8 శాతమే. ఈ రెండు అంకెల మధ్యనున్న అగాధం ఇంట్లో ఏర్పడినది కాదు. 1992 నాటి చట్టం, 2003 సవరణ డబ్బాపాల ప్రకటనలను నిషేధించాయి, మంచిదే. కాని “తల్లిపాలే శ్రేష్ఠం” అని గోడమీద వ్రాసినంత మాత్రాన బిడ్డ నోరు చనుమొనను సరిగా పట్టుకోదు. చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా బిడ్డ నోటిలోకి రావాలి. చేపు వచ్చిన తరువాత ఒక రొమ్ము ఖాళీ అయ్యేవరకు తాగనివ్వాలి, కొవ్వు హెచ్చుగా ఉండేవి కడపటి పాలే. పక్కన కూర్చుని ఇది చూపించే మనిషి కావాలి. మిరపకోతకో పత్తి తీయడానికో పోయే తల్లికి సమయమూ కావాలి. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు. దినకూలీకి ఆచరణలో అది అందదు.

ఈ మాట వలన కలిగే మరొక అపాయం చెప్పవలసి ఉన్నది. అన్నిటికీ ఒకే పేరు పెట్టినప్పుడు నిజమైన జబ్బు కూడా ఆ పేరు చాటున దాగుతుంది. ఆకుపచ్చని వాంతి పేగు మెలిపడిన గుర్తు కావచ్చు. అది గంటలలో తేలవలసిన సంగతి. మూడవ వారం తరువాత పాలు దూరంగా చిమ్మేటట్లు వాంతి అవుతూ ఉంటే జీర్ణాశయపు ద్వారం మూసుకుపోతున్నదేమో చూడాలి. రెండు రోజులకు కూడా నల్లని మలం రాకపోవడం, మలంలో రక్తం, సున్నం వంటి తెల్లని మలం, పొట్ట ఉబ్బి బిడ్డ మందగించడం, ఇవి వైద్యుని దగ్గరికి పరుగెత్తవలసినవి. నిజంగా పాలు చాలని బిడ్డలూ కొందరుంటారు. పుట్టిన బరువులో పదోవంతుకు మించి తగ్గినా, రెండు వారాలకు ఆ బరువును తిరిగి అందుకోకపోయినా, వారం నాటికి రోజుకు ఆరుసార్లు మూత్రం పోయకపోయినా తాత్సారం చేయరాదు.

తల్లిపాలు నిజంగా పడని జబ్బు కూడా ఒకటున్నది. గాలాక్టోసీమియా అనే ఆ అరుదైన వంశానుగత వ్యాధిలో పాలచక్కెర నుండి వచ్చే గాలాక్టోజును శరీరం వాడుకోలేదు. వాంతులు, కామెర్లు, కాలేయపు చెరుపు కలుగుతాయి. రక్తపరీక్షతో దానిని కనిపెట్టవచ్చు. ఆ బిడ్డకు తల్లిపాలు మానిపించవలసినదే. కాని గేదెపాలలోనూ, మామూలు డబ్బాపాలలోనూ ఉన్నది అదే లాక్టోజు.