మూట బాడుగ

పోయిన ఆదివారం పొద్దున్నే పులివెందుల నుంచి మా అక్క ఫోను. "రేయ్ అబ్బయ్యా, ఈడ జొన్నలు కిలో యాభై ఆరు చెప్తాండారు. మీ ప్రొద్దుటూర్లో ఎంత?" యాభై అన్నాను. "ఆరు రూపాయలు తేడానా! ఒక పాతిక కిలోల మూట బస్సుకేసి పంపీరా."

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పిచ్చి తెలుసు. ధర సరుకులో ఉండదు, దారిలో ఉంటుంది అని ఏడాదికి నాలుగుసార్లన్నా రాస్తాను. రాసినప్పుడల్లా జమ్మలమడుగు పాఠకుడొకాయన "ఈ వారం కూడా బాడుగేనా సామీ?" అని తప్పకుండా అడుగుతాడు. ఈ వారం కూడా బాడుగే సామీ. కాకపోతే ఈసారి కట్టింది నేను.

మూటకు నూటయాభై మిగులుతుందని అక్క లెక్క. అంగడి నుంచి బస్టాండుకు ఆటో నలభై. మూట ఎక్కించినందుకు పది. పార్సిలుకు అరవై. పులివెందులలో దించినందుకు పది. అక్కడినుంచి ఇంటికి ఆటో ఇంకో నలభై. మొత్తం నూటఅరవై. నూటయాభై మిగిల్చుకోబోయి మా అక్క పది రూపాయలు పోగొట్టుకుంది.

పులివెందుల అంగడాయన ఈ లెక్క మాకంటే ముందే చేసి పెట్టుకున్నాడని నా అనుమానం. ఆయన యాభై ఆరు అన్నది ఆశకొద్దీ అన్నమాట కాదు. అరవై అంటే, మా అక్కలాంటివాళ్లు నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుని ప్రొద్దుటూరు వస్తారు. కాబట్టి, తెచ్చుకుంటే కిట్టదు అనిపించే గీత ఎక్కడుందో చూసుకుని, దానికి ఒక్క అంగుళం ఇవతల నిలబడ్డాడు. రెండు అంగళ్ల మధ్య ధర తేడా బాడుగను దాటి ఎక్కువ కాలం నిలవదు. దాటిన రోజున ఎవడో ఒకడు బండి కడతాడు. పుస్తకాల్లో ఎంత పెద్ద పేరు పెట్టినా సంగతి ఇంతే.

అయితే ఈ బాడుగ కిలోమీటర్ల లెక్కన నడవదు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఇరవై కిలోమీటర్లు, పులివెందుల డెబ్బై అటూ ఇటూ. దూరం మూడింతలు దాటినా బాడుగ మూడింతలు కాదు. నాకు తెలిసిన లారీ ఓనరు ఒకాయన అంటాడు: "బండి పరిగెత్తినప్పుడు కాదన్నా, నిలబడినప్పుడు తింటాది." ఎత్తుడు కూలి, దింపుడు కూలి, కాటా, గోతాలు, హమాలీల కోసం కాచుకున్న పూట, ఇవన్నీ చక్రం తిరగకముందే తగిలే ఖర్చులు. మా అక్క మూటకే చూడండి. బస్సు తీసుకుంది అరవై, మూటను బస్సు దాకా చేర్చి మళ్లీ ఇంటికి చేర్చడానికి అయింది వంద.

ఇంకో తమాషా ఉంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి పుణ్యమా అని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. సిమెంటు వేసుకుని పోయిన లారీ ఖాళీగా తిరిగి రావడానికి ఇష్టపడదు. డీజిలు ఖర్చయినా వస్తే చాలు, బియ్యమో ఇంకొకటో దొరికింది వేసుకుని వస్తుంది. అంటే మన ఇంటికొచ్చే బియ్యం బాడుగలో కొంత ఎక్కడో మిద్దె కట్టుకుంటున్నాయన కడుతున్నాడు. ధర దారిలో ఉంటుందని నేనన్నది ఇందుకే. దారికి వచ్చేటప్పుడు ఒక ధర, పోయేటప్పుడు ఒక ధర.

ఇక నా పాత పాట రైలు. మద్రాసు నుంచి రాయచూరు పోయే లైను ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా సాగి 1871లో బొంబాయి లైనుతో కలిసింది. రెండో బొంబాయి అనిపించుకున్న ప్రొద్దుటూరు మాత్రం ఆ కూత పెన్నకు ఇవతల నుంచి వింటూ కూర్చుంది. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా నంద్యాలకు ప్రయాణికుల రైలు కదిలింది 2016 ఆగస్టులో, అంటే నూటనలభై అయిదేళ్ల తర్వాత. పులివెందులకు ఇప్పటికీ రైలు లేదు. కె.సి. (కర్నూలు-కడప) కాలువనైతే నీళ్లకే కాదు, పడవలకు కూడా తవ్వారు. ఆర్థర్ కాటన్ ఆలోచన అది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కడప దాకా సరుకు నీళ్ల మీద తేలుతూ రావాలన్నది దాన్ని తవ్విన కంపెనీ కల. కంపెనీ దివాలా అంచుకు చేరితే 1882లో సర్కారు కాలువను తీసుకుంది. నీళ్లు మిగిలాయి, పడవలు పోయాయి.

ఆ రైలు, ఆ కాలువ మనకు ముందే సరిగ్గా అంది ఉంటే ఈ సీమలో గింజ కరువు ఉండేది కాదని ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నాను. అక్క మూట పంపిన రాత్రి నిద్ర పట్టక ఆ వాదాన్ని నేనే తిరగేసి చూశాను. 1876లో ధాత కరువు వచ్చేనాటికి ఎర్రగుంట్లలో రైలు ఉంది, కాలువా ఉంది. మద్రాసు రేవుకు బర్మా నుంచి, బెంగాల్ నుంచి ఓడల్లో గింజలు దిగాయి, రైలెక్కాయి. స్టేషను దాకా వచ్చాయి కూడా. స్టేషను నుంచి పల్లెకు మోసే ఎద్దులేవీ? మేత లేక, నీళ్లు లేక ముందు పడిపోయింది అవే. బండి లాగే ఎద్దు దారిపొడుగునా తింటుంది. తినడానికేమీ లేని దారిలో బాడుగకు లెక్కే ఉండదు. పైగా రైలు గింజల్ని తెచ్చే దారే కాదు, తీసుకుపోయే దారి కూడా. ఎక్కడ ధర ఎక్కువ పలికితే అక్కడికి మూట కదులుతుంది. చేతిలో కాసు లేనివాడికి ఆకలి ఉంటుంది గానీ ధర పలికే గొంతు ఉండదు.

అలా దారి సంగతి వదిలి దాపు సంగతి ఆలోచిస్తుంటే మా నాయన పాతర గుర్తొచ్చింది.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. చేలు నల్లరేగడివి. కానీ రేగడిలో పాతర తవ్వరు. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఊరి గట్టున గరుసు నేల చూసుకుని తవ్వుతారు. పైన మనిషి దూరేంత నోరు, లోపల కుండలాంటి పొట్ట. నేలకూ గోడకూ మందంగా ఎండుగడ్డి పరిచేవాళ్లు. బాగా ఎండిన జొన్నలు తూములతో కొలిచి పోసి, పైన మళ్లీ గడ్డి, బండ, ఆ మీద మట్టి మెత్తేవాళ్లు. గాలి ఆడదు కాబట్టి పురుగు బతకదు. రెండేళ్లు, మూడేళ్లు ఉండేవి.

పాతర తీసే రోజు మాకు పండుగ, అమ్మకు భయం. మూత తీశాక పూటంతా అలా వదిలేసేవాళ్లు. తర్వాత తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాళ్లు. దీపం ఆరిపోతే ఎవరూ దిగకూడదు. లోపలి గాలికి మనిషి కూడా దీపంలాగే ఆరిపోతాడు. ఆత్రంగా దిగి పైకి రాని మనుషుల కథ చుట్టుపక్కల ప్రతి ఊరికీ ఒకటుండేది. దీపం వెలుగుతూ ఉంటే అప్పుడు నాయన నడుముకు తాడు కట్టుకుని దిగేవాడు. గోడ పక్క జొన్నలు చెమ్మకు నల్లబడి, పుల్లటి వాసన కొట్టేవి. అవి గొడ్లకు. నడిమధ్యవి మనుషులకు. ఆ సంగటికి కూడా కాస్త పాతర వాసన ఉండేది. ఇప్పుడు దాన్ని తలుచుకుని లొట్టలేస్తున్నాను గానీ, అప్పుడు ముక్కు మూసుకున్నవాణ్ని నేనే.

మా ఊళ్లో అమ్ముకోవడానికి పాతర వేసినవాళ్లు లేకపోలేదు. పక్కింటి పెద్దాయన పాతర మీద మంచం వేసుకుని, ధర కోసం ఆకాశం వైపు చూస్తూ పడుకునేవాడని నాయన నవ్వేవాడు. నాయన పాతర మాత్రం ఇంటికి. "ఈ ఏడు వాన వచ్చినా రాకపోయినా మనకు రెండేళ్లు ఉంది" అనేవాడు. ఆ మాట అన్నాకే మిగిలింది బండికెత్తి జమ్మలమడుగు మండీకి తోలేవాడు. ఇంటి గింజ భద్రంగా ఉన్నవాడు కనుక మండీలో షావుకారు ముందు తొందరపడేవాడు కాదు. నచ్చకపోతే బండి వెనక్కి తిప్పేవాడు. పదిసార్లలో ఒక్కసారి తిప్పాడేమో. తిప్పగలడని షావుకారుకు తెలియడమే పని చేసేది.

అమ్మడానికి దాచడం వేరే విద్య. దానికీ బాడుగ ఉంది, కాకపోతే దూరానికి కాదు, కాలానికి. కింటా మూడు వేలనుకోండి. కల్లం మీద అమ్మకుండా ఆరు నెలలు ఆపాలంటే, మన ఊళ్లలో నడిచే నూటికి రెండు రూపాయల వడ్డీ ప్రకారం మూడువందల అరవై. తరుగు రెండు కిలోలు, అంటే అరవై. గోదాము బాడుగ, హమాలీ ఒక ఎనభై. మొత్తం అయిదువందలు. అంటే ఆరు నెలల తర్వాత ధర మూడువేల అయిదువందలకు పెరిగితే రైతుకు ఒక్క పైసా మిగల్లేదన్నమాట. ఆ పెరిగిన అయిదువందలు చూసి ఊరంతా వ్యాపారి దోచాడంటుంది. అందులో మూడొంతులకు దగ్గరగా వడ్డీయే. రైతుకూ వ్యాపారికీ ఉన్న అసలు తేడా గోదాములో లేదు, వడ్డీలో ఉంది. నూటికి రూపాయికి అప్పు పుట్టినవాడు రెండు రూపాయలకు తెచ్చినవాడికంటే ఎక్కువ కాలం ఆపగలడు.

ఈ విద్యలో మన శనగ రైతులు తిన్న దెబ్బ పాఠకులకు నేను చెప్పాలా? జొన్న పోయి జేజీ-11 రకం వచ్చాక రేగడి నేలలు శనగతో నిండాయి. శనగకు పురుగు త్వరగా పడుతుంది, రంగు మారుతుంది. అందుకని శీతల గిడ్డంగి. 2013 ప్రాంతంలో ధర పడిపోతే లేస్తుందిలే అని బస్తాలు గిడ్డంగుల్లో పెట్టి, వాటి మీదే అప్పు తెచ్చుకున్నారు. ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి. గిడ్డంగి బాడుగ ఒకపక్క, వడ్డీ ఒకపక్క పెరిగాయి, ధర మాత్రం లేవలేదు. బ్యాంకులు వేలం నోటీసులు పంపాయి. 2016లో ధర నిజంగానే చుక్కలనంటింది. అప్పటికి చాలామంది దగ్గర బస్తాలు లేవు, బాకీలే ఉన్నాయి. గిడ్డంగి మంచిదే, చలి మంచిదే. కానీ శనగలతో సంసారం గడవదు. నాయన జొన్నలకు ధర రాకపోతే సంగటి అయ్యేవి. శనగలకు ధర రాకపోతే అప్పే అవుతాయి.

అక్కడే నా ముప్పై ఏళ్ల వాదం కాస్త పక్కకు ఒరిగింది. దారి బాగుపడితే ఊరికీ ఊరికీ ధర తేడా తగ్గుతుంది, అది నిజం. దారితో పాటే మన ఇంటి దాపు కూడా తగ్గిపోయిందని నేను లెక్క వేయలేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక రాజమండ్రిలోనూ పులివెందులలోనూ చౌకదుకాణంలో ఒకటే ధర. బాడుగంతా సర్కారు నెత్తిన పడింది. ఆ బియ్యం పేదింటి పొయ్యిని నిలబెట్టింది, కాదనను. అప్పటినుంచే పాతర తవ్వే పనీ పోయింది, జొన్న వేసే చేనూ తగ్గింది. పులివెందుల వాళ్లు అరటికీ చీనీకీ మళ్లారు. ఒకప్పుడు జొన్న పండించిన ఊరిలో ఇవాళ మా అక్క జొన్నలకు బాడుగ కడుతోంది.

గండికోటలో జామియా మసీదు పక్కన ధాన్యాగారం చూసే ఉంటారు. కమాను కప్పుతో, గుహలాంటి పెద్ద కట్టడం. పెన్న లోయను చూసి ఫొటోలు తీసుకుని చాలామంది దాని ముందునుంచి నడిచిపోతారు. ముట్టడిలో ఉన్న కోటకు బయటి ధర ఎంతయినా ఒకటే, దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి. మనకూ దారి ఎప్పుడు మూసుకుంటుందో తెలియదు. 2021 నవంబరు వరదకు కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలినప్పుడు తెలిసొచ్చింది గదా.

ఇదంతా బుధవారం అక్కకు ఫోనులో చెప్పాను. ఆమె ఓపికగా విని, "అయితే ఏం చేయమంటావురా?" అంది. వచ్చే ఏడు కల్లాల మీద ధర దిగినప్పుడు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనుక్కో, బాగా ఎండబెట్టి, వేపాకు వేసి, మూత గట్టిగా ఉన్న డ్రమ్ములో పోసి పెట్టుకో అన్నాను. తినడానికి దాచుకున్నదానికి నష్టం ఉండదక్కా అని మా నాయన గొంతుతో అన్నాను కూడా.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డ్రమ్ము ఎంతరా?" అంది.

కనుక్కుంటాను అన్నాను. "దాని బాడుగ కూడా కనుక్కో" అని పెట్టేసింది.