అమెరికా రాజ్యాంగమున అనుక్తశబ్దము

శాస్త్రగ్రంథమునఁ బదము లోపించినట్లు తోఁచినపుడు వ్యాఖ్యాత అధ్యాహారముచేఁ బూరించును. ఆ యధ్యాహారమునకుఁ బ్రమాణము వలయును. ప్రమాణము లేనిచోఁ బూరింపఁబడినది వ్యాఖ్యాతృమతమే కాని గ్రంథకర్తృమతము కాదు. ఈ న్యాయము నతిక్రమించిన యొక తీర్పు ఎట్టి యనర్థమునకుఁ దోడ్పడెనో అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రము చూపుచున్నది. 1861 మొదలు 1865 వఱకు నా దేశమున జరిగిన యంతర్యుద్ధమునకు బానిసత్వమే మూలకారణము. అంతకుమున్ను డెబ్బదియేండ్లకాలము ఆ వివాదము పలుమాఱులు శాసనవాక్యముల యర్థము నాశ్రయించియే సాగెను. ఆ వాక్యములను బరిశీలించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

1787వ సంవత్సరమున ఫిలడెల్ఫియానగరమున రచింపఁబడిన రాజ్యాంగమున బానిసయను శబ్దము లేదు. బానిసల ప్రసక్తి మాత్రము మూఁడు తావులఁ గలదు. ప్రతినిధిసభాస్థానములఁ బంచుటకై జనులను లెక్కించునపుడు 'ఇతరవ్యక్తులను' ఐదింట మూఁడు వంతులుగా గణింపవలెనని యొకటి. రాష్ట్రములు చేర్చుకొనఁదలఁచిన 'వ్యక్తుల' రాకను 1808వ సంవత్సరమునకు ముందు కాంగ్రెసు నిషేధింపరాదని రెండవది. సేవకు నిబద్ధుఁడైన 'వ్యక్తి' పాఱిపోయి వేఱొక రాష్ట్రముఁ జేరినచో మరల నప్పగింపవలెనని మూఁడవది. మూఁటను వ్యక్తిశబ్దమే ప్రయుక్తము. మనుష్యుల యెడ ఆస్తిహక్కు కలదను భావమును రాజ్యాంగమునఁ జొప్పించుట తగదని జేమ్సు మాడిసను ఆ సభలోనే పలికెను. కాఁబట్టి యీ పరిహారము బుద్ధిపూర్వకమనుట నిశ్చయము.

అమంగళార్థమును వేఱొక విధమునఁ జెప్పుట కావ్యమున గుణమే. శాసనమునఁ గాదు, అది యందఱకు నొకే యర్థము నీయవలెను. ఇచ్చటి పర్యాయోక్తి సందేహబీజమాయెను. బానిసత్వమును ద్వేషించినవారే ఆ గ్రంథమును రెండు విధములఁ జదివిరి. విలియం లాయిడ్ గారిసను అది బానిసయజమానులతోడి యొడంబడికయని తలఁచి 1854 జూలై 4వ తేదీని దాని ప్రతిని బహిరంగముగా దహించెను. తానే బానిసయై 1838లోఁ దప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లసు మొదట నా మతమునే యవలంబించి 1851లో విడిచెను. శాసనార్థమును దాని యక్షరములనుండియే గ్రహింపవలెను గాని రచయితల రహస్యాభిప్రాయమునుండి కాదని 1860లో గ్లాస్గోనగరమున వాదించెను.

శబ్దము మఱుఁగున నుండఁగా వస్తువు పెరిగెను. 1790లో నించుమించు 7 లక్షలుగా నున్న బానిసలు, ప్రత్తిసేద్యము విస్తరింపఁగా, 1860 నాఁటికి 40 లక్షలకు సమీపించిరి. క్రొత్తగా సంక్రమించిన భూములలో బానిసత్వ ముండవచ్చునా యనుట ముఖ్యవివాదమాయెను. 1820లో మిసోరీరాష్ట్రమును మినహాయించి, లూసియానా భూభాగమున 36 అంశముల 30 కళల యక్షాంశమునకు నుత్తరమున నది కూడదని సంధి జరిగెను. 1854లో సెనేటరు స్టీఫెన్ డగ్లసు తెచ్చిన కాన్సస్-నెబ్రాస్కాశాసనము ఆ సంధిని రద్దుచేసి, నిర్ణయమును ఆ భూములఁ గాపురమున్న వారికే విడిచెను. కాన్ససునఁ బక్షద్వయము రక్తపాతమునకు దిగెను. 1856లో సెనేటుసభామందిరముననే చార్లెసు సమ్నరును ప్రెస్టను బ్రూక్సు చేతికఱ్ఱతోఁ గొట్టెను. వాదము జరుగవలసిన చోట దండము ప్రవర్తించెను.

అటుపిమ్మట 1857 మార్చి 6వ తేదీని డ్రెడ్ స్కాట్ వ్యవహారమున ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. బానిసత్వము నిషిద్ధమైన భూములలో యజమానునితోఁ గొంతకాలము వసించిన స్కాటు తాను స్వతంత్రుఁడనని వాదించెను. ప్రధానన్యాయాధీశుఁడు టానీ, ఆఫ్రికావంశీయులు పౌరులు కారనియు, ఆ భూములలో బానిసత్వమును నిషేధించుటకుఁ గాంగ్రెసునకు నధికారము లేదనియు నిర్ణయించెను. బానిసపై నాస్తిహక్కు రాజ్యాంగమున స్పష్టముగా నుక్తమైనదని హేతువు చెప్పెను.

మీమాంసకులు శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య యని ప్రమాణములను వరుస చేసి, ముందుది బలవత్తరమందురు. అప్పగింత వాక్యమునుండి ఆస్తిహక్కును ఊహించినచో నది లింగమగునేమో కాని శ్రుతి కాదు. టానీ లింగమును శ్రుతియనెను. 1860 ఫిబ్రవరి 27వ తేదీని న్యూయార్కున అబ్రహాము లింకను దీనినే పట్టుకొనెను: బానిసశబ్దము గాని, తత్సంబంధమున నాస్తిశబ్దము గాని గ్రంథమున లేదనెను. సంతకము చేసిన 39 మందిలో 21 మంది, ఆ భూములలో బానిసత్వముపైఁ గేంద్రప్రభుత్వమునకు నధికారము కలదని తమ చర్యలచే నంగీకరించిరని లెక్క చూపెను. రాజ్యాంగము ఆమోదింపఁబడిన నాఁడు ఐదు రాష్ట్రములలో స్వతంత్రులగు నల్లవారికి వోటుహక్కు కలదని అసమ్మతి తెలిపిన న్యాయమూర్తి కర్టిసు అంతకుముందే చెప్పి యుండెను.

గారిసను పక్షమునఁ గొంత సత్యము లేకపోలేదు. పేరు విడిచిరి కాని ఫలమును యజమానుల కిచ్చిరి. ఐదింట మూఁడు వంతుల లెక్క దక్షిణరాష్ట్రములకు నధికప్రాతినిధ్య మొసఁగెను. అయినను టానీవ్యాఖ్యానము నిలువదు. దానికి జ్ఞాపకము దక్షిణరాష్ట్రములే కల్పించినవి. 1861 మార్చిలో వారు రచించుకొన్న క్రొత్తరాజ్యాంగమున నీగ్రోబానిసలను పదమును, వారిపై నాస్తిహక్కును బాహాటముగాఁ జేర్చిరి. పాతగ్రంథమున నది స్పష్టోక్తమే యైనచో మరలఁ జెప్పుట వ్యర్థము. వ్యర్థమైన దానినుండి జ్ఞాపకమును గ్రహించుట వైయాకరణుల పద్ధతి. లేనిదానినే చేర్చిరని యిచట జ్ఞాపితమగుచున్నది.

లేని శ్రుతిని గల్పించిన తీర్పు మధ్యమార్గమును మూసెను. 1860 నవంబరులో లింకను ఎన్నికయయ్యెను. డిసెంబరు 20న దక్షిణ కరోలినా విడిపోయెను. 1861 ఏప్రిలు 12న సమ్టరుకోటపై ఫిరంగులు మ్రోఁగెను. ఆఱులక్షలకు మించి సైనికులు మడిసిరి. 1865 డిసెంబరున నామోదింపఁబడిన పదుమూఁడవ సవరణమున బానిసత్వమను మాట మొదటిసారి రాజ్యాంగమునఁ బ్రవేశించెను, ప్రవేశించుట నిషేధింపఁబడుటకే.

ఆంధ్రమున నీ చరిత్రమును బోధించువారికి విన్నపము. దాసశబ్దము మనకు భక్తుల పేళ్లలో గౌరవముతో నిలిచినది. కాఁబట్టి యిచట బానిసయనుటయే యుచితము. కాని మూలమున వ్యక్తియని యున్న మూఁడు తావులను వ్యక్తియనియే తెలిఁగింపవలెను. అచట బానిసయని వ్రాసిన యనువాదకుఁడు తెలియకయే టానీతీర్పును మరలఁ జెప్పినవాఁడగును.