సైబీరియా కొంగలు కావవి

ప్రకృతి చరిత్ర మ్యూజియం అనగానే మనవాళ్ళ ఊహ గడ్డి కూరిన పులి దగ్గర ఆగిపోతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతానికి అలాంటిదొకటి కట్టాలంటే ముందు తేల్చుకోవలసింది అందులో ఏం చెప్పాలన్నది. భవనం సంగతి తర్వాత.

చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పత్రికలు వాటిని సైబీరియా అతిథులంటాయి. శుద్ధ అబద్ధం. ఇవి ఎర్రకాళ్ళ కొంగలు, మన ఉపఖండంలోనే పుట్టి పెరిగేవి. చెరువుల్లో నీళ్ళూ చేపలూ ఉన్నచోట బతుకుతాయి. దూరదేశపు పేరు తగిలిస్తే తప్ప మనదానికి విలువ లేదనే ఈ బుద్ధి మన సాహిత్య విమర్శలోనూ లేకపోలేదు! అసలు నష్టం వేరు. సైబీరియా అనగానే చెరువు మాట మరుగున పడుతుంది. పూడిక నిండిన చెరువుకు జవాబు చెప్పవలసినవాడు తప్పించుకుంటాడు. పక్షుల్ని కాపాడుకొస్తున్న పల్లెజనం ఊసే రాదు.

ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26న కాలిపోయింది. అద్దాల పెట్టెల భద్రత అంతే. ఇక్కడి మ్యూజియంలో మొదటి గది చెరువుది కావాలి. కొర్ర, సజ్జ పొలాల్లోకి వేరుశనగ ఎందుకొచ్చిందో రెండో గది చెప్పాలి. పక్షి బొమ్మ కింద శాస్త్రీయనామం రాయండి, అభ్యంతరం లేదు. దానిపైన వీరాపురంవాళ్ళు పిలిచే పేరు పెద్దక్షరాల్లో ఉండాలి.