గుణాత్మక పరిశోధనాభ్యాసము - వాక్యార్థవిచారము

వాణిజ్య, నిర్వహణశాస్త్రములలో డాక్టరేటునకై కృషిచేయు విద్యార్థులకు గుణాత్మక పరిశోధనాపద్ధతులను నేర్పుట నేడు విశ్వవిద్యాలయములలో అరుదు కాదు. అంకెలతో గాక మనుష్యుల మాటలతోను, చేతలతోను సంస్థల జీవితమును తెలిసికొనుట యీ పద్ధతుల లక్ష్యము. మాటయే ప్రధానమైనచోట మాటను చదువు విద్యకు స్థానమెంత? ఈ ప్రశ్న భాషాశాఖల వారమైన మాకును సంబంధించినదే. కావున ఈ రంగమున ప్రసిద్ధములైన రెండు వ్యాసములను ఈ దృష్టితో పరిశీలింప నెంచితిమి.

మొదటిది జాన్ వాన్ మానెన్ 1979లో 'అడ్మినిస్ట్రేటివ్ సైన్స్ క్వార్టర్లీ' పత్రికలో ప్రకటించిన వ్యాసము. ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలో డాక్టరేటు విద్యార్థిగా నున్నపుడు, కొత్తగా చేరిన పోలీసులతోపాటు తానును శిక్షణ పొంది, వారి వెంట గస్తీ తిరిగి విషయసేకరణ చేసెను. ఆ యనుభవము నాధారముగా గొని భావనలను రెండు శ్రేణులుగా విభజించెను. పరిశీలింపబడువారు చెప్పునవి, చేయునవి, వానికి వారిచ్చు అర్థములు మొదటి శ్రేణి. వానిని వివరించుటకు పరిశోధకుడు కూర్చు సిద్ధాంతములు రెండవ శ్రేణి. ఆయన ఇంతటితో నాగలేదు. పనిలో సహజముగా వెలువడు మాట వేఱు, ఇతరుల యెదుట తన్ను గూర్చి నిలుపుకొన జూచు రూపము వేఱు అని హెచ్చరించెను. చెప్పువాడు దాచవచ్చును, తానే యెఱుగకపోవచ్చును, మిక్కిలి పరిచితమగుటచే గమనింపకయు నుండవచ్చును.

రెండవది డెన్నిస్ జోయా, కెవిన్ కోర్లీ, ఎయిమీ హామిల్టన్ కలిసి 2013లో 'ఆర్గనైజేషనల్ రిసెర్చ్ మెథడ్స్' పత్రికలో ప్రకటించినది. శ్రేణుల పేళ్లను వీరు వాన్ మానెన్ నుండియే గ్రహించిరి. సమాచారమిచ్చినవారి మాటల నుండి భావనలును, వాని నుండి పరిశోధకుని విషయములును, వాని నుండి సముచ్చయములును ఏర్పడు క్రమమును ఒక పటముగా చూపుట వీరి విశేషము. ఇందు మేలు లేకపోలేదు. గుణాత్మక పరిశోధనకు ప్రమాణమేది యని యడుగు పరీక్షకునకు, ఏ మాటనుండి ఏ సిద్ధాంతము పుట్టినదో విద్యార్థి కన్నులకు గట్టునట్లు చూపగలడు. తమ పద్ధతిని పాకశాస్త్ర గ్రంథమువలె వాడరాదని రచయితలే చెప్పియున్నారు. అయినను అభ్యాసమున పటమే మూసయైనది. మూసలను దాటుడని మైకేల్ ప్రాట్, స్కాట్ సోనెన్‌షైన్, మార్తా ఫెల్డ్‌మన్ అదే పత్రికలో 2022లో వ్రాయవలసివచ్చుటయే యిందుకు తార్కాణము. మా విమర్శ యిది: మూసను నేర్చిన విద్యార్థికి శ్రేణివిభాగము దక్కినది, దానితోపాటు పుట్టిన హెచ్చరిక జాఱిపోయినది.

ఒక ఉదాహరణము నూహింతము. తెలుగునాట నొక నూలుమిల్లు కార్మికుని 'పని ఎట్లున్నది?' అని విద్యార్థి యడిగినాడు. 'ఏదో నడుస్తోందండి' అని యతడు బదులు చెప్పినాడు. దీనిని ఇంగ్లీషులోనికి మార్చి పట్టికలో ఒకరు 'తృప్తి' యనియు, మఱొకరు 'అసంతృప్తి' యనియు వ్రాయవచ్చును. మేస్త్రీ ప్రక్కన నిలిచియుండగా నన్నాడా? సాయంకాలము టీకొట్టువద్ద నన్నాడా? ఏ స్వరముతో నన్నాడు? మమ్మటుడు కావ్యప్రకాశ తృతీయోల్లాసమున అర్థము వ్యంజకమగుటకు హేతువులను చెప్పుచు వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యము, వాచ్యము, అన్యసన్నిధి, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువానిని పేర్కొనెను. మేస్త్రీ యుండుట అన్యసన్నిధియే గదా! 'ఏదో' యను పదము నర్థము వీనినిబట్టి తేలవలసినదే గాని పట్టికనుబట్టి తేలదు.

ఐనను కావ్యమునకును క్షేత్రమునకును భేదము కలదు. కావ్యమున వక్త కవికల్పితుడు. మిల్లులో వక్త సజీవుడు. కావ్యమున తప్పుగా నూహించిన ధ్వనిని మఱొక సహృదయుడు సవరించును, ఎవరికిని నష్టము లేదు. ఇచట అనని ఫిర్యాదును కార్మికుని నోట బెట్టినచో అతని కూటికే ముప్పు రావచ్చును. లేని తృప్తి నంటగట్టినచో అతని కష్టము శాస్త్రము పేర మఱుగుపడును. కావున ఊహకు స్వేచ్ఛ నిమ్మని మేము కోరుట లేదు. ప్రమాణమును పెంచుమనియే కోరుచున్నాము. ఒక్క మాటకు చెప్పిన యర్థము వేఱొక సమయమున, వేఱొకరి యెదుట అతడన్న మాటలతోను, కన్నులార చూచిన చేతలతోను పొసగవలెను. పొసగనిచో ఆ పొసగమినే వ్రాయవలెను.

ఇందుకై రెండు పనులు సులభసాధ్యములు. సంకేతములు వేయుట నేర్పుటకు ముందే, తెలుగున జరిగిన సంభాషణమునుండి ఒక్క పుటను నలుగురు విద్యార్థులకిచ్చి, వారి యర్థములు భిన్నమైనచోట కారణములతో వాదింప జేయవలెను. సిద్ధాంతగ్రంథము ఇంగ్లీషున నున్నను, కీలకములైన మాటలను మూలభాషలోనే అనువాదము ప్రక్కన నిలుపవలెను. మూలము కనబడనిచో అనువాదకుని నిర్ణయమే వక్త యభిప్రాయముగా చెల్లిపోవును. దానిని ప్రశ్నించు నవకాశము పరీక్షకునకును ఉండదు. పాఠనిర్ణయమునకు మూలప్రతి యెట్టిదో, గుణాత్మక పరిశోధనకు చెప్పినవాని మాట యట్టిది. ఆ మాటను చదువ నేర్చుట పరిశోధనకు పూర్వాంగము కాదు, పరిశోధనయే యని మా నిశ్చయము.