వెనుకవరుస వీరులు: హైదరాబాదు ఫుట్‌బాల్ రక్షకులపై ఒక విమర్శ

గోలు కొట్టినవాని పేరు ఊరెల్ల ఎరుగును. గోలు కాకుండ ఆపినవాని పేరు వాని ఇరుగుపొరుగువారైన ఎరుగుదురో లేదో అని మా మేనమామగారు అనుచుండెడివారు. వారు నాందేడులో నూలు వర్తకము చేసెడివారు. ఆ రోజులలో ఇచ్చటినుండి కాచిగూడకు మీటరుగేజి రైలు. రాత్రి బండి నెక్కి తెల్లవారునప్పటికి హైదరాబాదు చేరి, పగటిపూట బేరసారములు ముగించి, సాయంకాలము ఫతే మైదానమున పోలీసు జట్టు ఆట చూచి, మరల రాత్రి బండికి తిరిగివచ్చుట వారికి పరిపాటి. బేరము కుదరకపోయినను వారికంత చింత లేదు. ఆట తప్పిపోయినచో మాత్రము నాలుగు దినములు ఇంటిలో ఎవరితోను సరిగా మాటలాడెడివారు కారు.

నేటికిని మన కుటుంబములలో పెండ్లిపందిరి క్రింద నలుగురు పెద్దలు కూడినచో ఈ వివాదము లేచుచునే యున్నది: హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో అందరికంటె గొప్ప రక్షకుడెవడు? పెద్దవారు అజీజుద్దీన్ అందురు. వారికంటె పది పదునైదేండ్లు చిన్నవారు నయీముద్దీన్ అందురు. నూర్ మహమ్మద్ పేరెత్తువారు మిక్కిలి తక్కువ. నేను ఆ తక్కువవారిలో ఒకడను. ఎందులకో చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా ఒక ఆక్షేపణకు బదులు చెప్పవలసియున్నది. తెలుగు సంఘము వెలువరించు సంచికలో ఈ పేర్లకు తావేల, వీరిలో పలువురి ఇంటి భాష దక్కనీ ఉర్దూ గదా, అని అడుగు మిత్రులు కలరు. ఈ ప్రశ్న మరియొకచోట వినవచ్చినచో నేను ఊరకుందును గాని, నాందేడులో ఊరకుండజాలను. మన మిండ్లలో తెలుగు మాటలాడుదుము, బజారులో మరాఠీ మాటలాడుదుము. మన పిల్లలు మరాఠీ బడులలో చదివినారు. ఈ ఊరు మనది కాదని ఎవరైన అన్నచో మనము ఒప్పుకొందుమా? గోదావరి గట్టున తరతరములుగా నిలిచి, ఇచ్చటి మగ్గముల మీద బ్రతికి, ఇచ్చటి మట్టిలో కలసినవారి సంతతి మనము. ఇంటి భాష వేరైనంత మాత్రమున ఊరు పరాయిది కానప్పుడు, హైదరాబాదు నేలమీద పుట్టి ఆ నేలకు పేరు తెచ్చిన ఆటగాండ్రు మాత్రము తెలుగు నేలకు పరాయివారెట్లగుదురు? మనకొక న్యాయము, వారికొక న్యాయము కాదు గదా.

ఇంకొక సంగతి. 1956 నవంబరు 1వ తేదీవరకు నాందేడు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ దినమున సరిహద్దులు మారి మన జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరెను. సరిగా ఒక నెల తరువాత, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించెను. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహమ్మద్ హుస్సేన్, బలరామ్, జుల్ఫికరుద్దీన్ హైదరాబాదువారు. జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబుగారును హైదరాబాదువారే. ఆ వార్త నాందేడు చేరిన నాడు వీరు మనవారా, పొరుగు రాష్ట్రమువారా? మా మేనమామగారికి ఆ సందేహము కలిగినట్లు లేదు. సరిహద్దు గీసినవారు ఫతే మైదానపు టిక్కెట్టు సంగతి తెలియనివారు అని మాత్రము అనిరట.

ఇక అసలు విషయము. రక్షకుల గొప్పతనమును గూర్చి మనవారు చేయు వాదములలో మొదటి లోపము, కాలమును మరచుట. రెండు కాలములలో రెండు విధములుగా ఆడిన ఆటను ఒకే తక్కెడలో తూచెదరు. 1950 ప్రాంతములలో మన దేశమున జట్టు నిలుచు తీరు ఇది: గోల్ కీపరుకు ముందు ఇద్దరు బ్యాకులు, వారి ముందు ముగ్గురు హాఫ్ బ్యాకులు, ఆపైన ఐదుగురు ఫార్వర్డులు. విశాలమైన మైదానము వెనుక సగమునంతటిని ఇద్దరే కాయవలెను. 1925లో ఆఫ్‌సైడు నిబంధన సడలింపబడినది. దాడి చేయువానికి ముందు ముగ్గురు ప్రత్యర్థులు ఉండవలెనన్న నియమము పోయి ఇద్దరు చాలునని మారినది. నాటినుండి ఐరోపాలో మధ్య హాఫ్ బ్యాకును వెనుకకు లాగి మూడవ బ్యాకుగా నిలిపిరి. మన దేశమున ఆ మార్పు మిక్కిలి ఆలస్యముగా వచ్చెను. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ నలుగురిని వెనుక నిలిపి గెలిచిన పిమ్మట ఆ దారి లోకమంతట వ్యాపించెను. కనుక ఇద్దరిలో ఒకడై కాచినవానిని, నలుగురిలో ఒకడై కాచినవానిని పక్కపక్కన నిలిపి ఎవడు గొప్ప యనుట, ఒంటెద్దు బండివానికిని జోడెడ్ల బండివానికిని పందెము పెట్టుటవంటిది.

పాదరక్షల సంగతి అంతకంటె పెద్దది. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడిరి. ఆ పిమ్మటనే బూట్లు తప్పనిసరి చేయబడినవి. వట్టి కాలితో ఆడినప్పుడు బంతిని మెత్తగా పట్టవచ్చును గాని, బూటు కాలితో ఎదురువచ్చువానిని అడ్డగించుట ఎట్టిదో ఊహించుకొనవచ్చును. ముందు ఆడువాడు తప్పుకొని పోగలడు. వెనుక నిలిచినవాడు తప్పుకొన్నచో గోలే. ఈ మార్పు భారమంతయు ఎక్కువగా రక్షకుల కాళ్లమీదనే పడెను.

రెండవ లోపము, విశేషణములతో సరిపుచ్చుట. “ఉక్కు గోడ” అందురు, “రాతి కోట” అందురు. ఎవనిని అడిగినను అదే మాట. కలకత్తావారు గోష్ఠ పాల్‌ను చైనా గోడ యనిరి గనుక మనవారికిని ఒక గోడ కావలసివచ్చెను. గోడ కదలదు. రక్షకుని పని కదలుట. ఎప్పుడు ముందుకు పోవలెనో, ఎప్పుడు ఆగవలెనో, బంతిని గెలుచుకొన్న పిమ్మట ఎవరికి అందింపవలెనో ఎరిగినవాడే రక్షకుడు. బంతిని ఆకాశమునకు తన్ని చేతులు దులుపుకొనువాడు ఆ క్షణమున జట్టును కాపాడినట్లే కనబడును. కాని ఆ బంతి మరల ప్రత్యర్థి కాలికే చేరును.

రహీమ్ సాహెబుగారికి ఈ రహస్యము బాగుగా తెలియును. వారు మొదట బడిపంతులు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా, 1950 నుండి నగర పోలీసు జట్టుకు శిక్షకులుగా ఉండిరి. బంతిని కాలివద్ద ఉంచుకొని తిప్పరాదను నియమముతో పోటీలు పెట్టిరి. అలవాటు లేని కాలితోనే ఆడవలెనని మరికొన్ని పోటీలు పెట్టిరి. పంతులుగారి బుద్ధి అది, పిల్లవాడు ఏ లెక్కలో తప్పునో ఆ లెక్కయే ఇచ్చుట. ఫలితము లోకమెరిగినదే. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసువారిదే. డ్యూరాండు కప్పును గెలిచిరి. 1956–57లోను, ఆ మరుసటి ఏడును హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచెను. ఇట్టి జట్టులో రక్షకుని ఒంటరిగా చూచుట కష్టము. బంతి ముందువరుసలోనే చాలసేపు ఉన్నప్పుడు వెనుకవానికి పేరు వచ్చు అవకాశమే తక్కువ.

అజీజుద్దీన్ సంగతి ఇచ్చటనే చిక్కు. అతడు బ్యాకు. 1952, 1956 రెండు ఒలింపిక్ జట్లలోను స్థానము పొందినవాడు. ఓటమి చూచినవాడు, నాలుగేండ్ల తరువాత భారతదేశము నాలుగవ స్థానమున నిలిచినప్పుడును జట్టులో ఉన్నవాడు. అతని పక్షమువారి బలమైన వాదము ఇది: వట్టికాలి కాలమునుండి బూట్ల కాలమునకు, పాత పద్ధతినుండి క్రొత్తదానికి జారిపడక దాటగలిగినాడని. నేనును ఒప్పుకొందును. కాని అతనిని మెచ్చువారు అతని చుట్టునున్న జట్టును మరచుచున్నారు. చుట్టు పది మంది రహీమ్ శిష్యులు ఉన్నప్పుడు బ్యాకు పని సగము తగ్గును.

నయీముద్దీన్ పక్షమువారికి ఇంతకంటె మంచి వాదము కలదు, వారు దానిని సరిగా వాడుకొనుట లేదు. వారు బిరుదులు లెక్కింతురు: శిక్షకుడుగా 1990లో ద్రోణాచార్య, ఆటగాడుగా అర్జున పురస్కారము. రెండును పొందినవారు అరుదు, నిజమే. కాని బిరుదులు తరువాత వచ్చునవి, ఆటను చూపజాలవు. అతని అసలు గొప్పతనము వేరుచోట ఉన్నది. రహీమ్ సాహెబుగారు 1963 జూనులో కాలధర్మము చెందిరి. ఆ పిమ్మట హైదరాబాదు వెలుగు క్రమముగా తగ్గెను. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలుచుట ఆ దీపము చివరిసారి పెద్దదిగా వెలుగుట. మంచి ఆటగాండ్రు కలకత్తా దారి పట్టిరి. నయీముద్దీన్ కూడ ఆ దారినే పోయెను. 1970లో బాంగ్‌కాక్ ఆసియా క్రీడలలో అతని నాయకత్వమున భారతదేశము కాంస్య పతకము గెలిచెను. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆ క్రీడలలో మనకు వచ్చిన చివరి పతకము నేటికిని అదే. కోట బలముగా ఉన్నప్పుడు కాచుట ఒకటి, బీటలు వారుచున్న కోటను కాచుట ఒకటి. ఈ మాట నయీముద్దీన్ పక్షమున నేను చెప్పవలసివచ్చుట చిత్రము.

అహమ్మద్ హుస్సేన్‌ను, యూసుఫ్ ఖాన్‌ను కూడ ఈ పట్టికలో చేర్చువారు ఉన్నారు. యూసుఫ్ ఖాన్ ఎచ్చట నిలిపిన అచ్చట ఆడగలవాడు. అట్టివానిని రక్షకుడని ఒక గదిలో బంధించుట అన్యాయము. ఇక పీటర్ తంగరాజ్ గోల్ కీపరు. అతడు వేరొక వ్యాసమునకు తగినవాడు.

నూర్ మహమ్మద్ ఎడమ హాఫ్ బ్యాకు. బ్యాకు కాడు గనుక అతనిని రక్షకుల లెక్కలో చేర్చరాదని ఒకరు నాతో వాదించిరి. నేటి లెక్కలతో నాటి ఆటను చదువుటవలన కలిగిన పొరపాటిది. ఇద్దరే బ్యాకులున్న పద్ధతిలో ప్రక్కనుండి వచ్చు దాడికి మొదట ఎదురు నిలుచువాడు హాఫ్ బ్యాకే. అతడు ఓడినచో బ్యాకు మధ్యనుండి తొలగి రావలెను, అప్పుడు గోలు ముందు ఖాళీ ఏర్పడును. అనగా బ్యాకునకు మంచి పేరు రావలెనన్నచో హాఫ్ బ్యాకు తన పని తాను చేసియుండవలెను. అంతటితో తీరదు. బంతి చేజిక్కిన వెంటనే ముందువారికి దానిని అందించువాడును అతడే. ఒక తాకుడుతో బంతిని పంపుట రహీమ్ పాఠములలో మొదటిది. దాడి మొదలగుచోటు నూర్ మహమ్మద్ కాలివద్దనే. అలుపులేని పరుగు, వెనుకంజ వేయని అడ్డగింపు, ఈ రెంటికిని అతడు పేరొందెను. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టులోను, 1952 ఒలింపిక్ జట్టులోను, 1956 ఒలింపిక్ జట్టులోను అతడు ఉండెను. అజీజుద్దీన్ దాటిన కాలమునే ఇతడును దాటెను. దాటుచు రెండు పనులు చేసెను, ఆపుట, అందించుట. నయీముద్దీన్‌కు దొరకిన నాయకత్వము అతనికి దొరకలేదు, బిరుదులును దొరకలేదు. నా తీర్పు ఇందువలననే అతని వైపు మ్రొగ్గినది.

నూర్ మహమ్మద్ ఆటను నేను కన్నులార చూడలేదు. ఈ తీర్పులోని బలహీనత అదియే, దానిని దాచను. కాని చూచినవారి మాటలలోను నాకు గోలులే వినబడినవి, ఆపిన సందర్భములు వినబడలేదు. ఆటల చరిత్ర వ్రాయు తీరే అట్టిది. పంజాబు వీరుడు జర్నయిల్ సింగ్ భారతదేశపు రక్షకులలో అగ్రగణ్యుడని పలువురి మతము. అతనిని గూర్చి సామాన్యులకు తెలిసినదేమి? 1962 జకార్తా ఆసియా క్రీడలలో తలకు గాయమైనప్పుడు రహీమ్ సాహెబుగారు అతనిని ముందువరుసకు పంపిరని, దక్షిణ కొరియాతో జరిగిన తుదిపోరాటములో అతడు గోలు కొట్టెనని. జీవితమంతయు గోలులను ఆపినవాడు, ఒక గోలు కొట్టి చిరస్మరణీయుడయ్యెను! 2024లో రహీమ్ జీవితము ఆధారముగా ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చెను. మన పిల్లలు దానిని చూచి తాతలను ప్రశ్నలడిగిరి, అది మంచిదే. అయితే చలనచిత్రమునకు గోలు కావలెను. కాని గోలును చూచి రక్షణ నేర్చుకొనజాలము.

ఆస్ట్రేలియావారికి తమదైన ఫుట్‌బాల్ వేరుగా ఉన్నది. గుడ్డు ఆకారపు బంతి, జట్టుకు పదునెనమండుగురు. మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో దానిని ప్రదర్శన క్రీడగా చూపిరి. వారు 1996లో తమ శతాబ్ది జట్టును ఎన్నుకొన్నప్పుడు ప్రతి స్థానమునకు విడివిడిగా పేరు వ్రాసిరి. వెనుకవరుస నడుమ నిలుచు స్థానమునకు స్టీఫెన్ సిల్వాగ్నీ పేరు వచ్చెను. ఆ ఎన్నికతో ఏకీభవింపనివారు అక్కడను ఉన్నారు. అయినను వివాదము స్థానమునుబట్టి నడచును, గోలులనుబట్టి కాదు. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు అట్టి పట్టిక ఎవరైన స్థానమువారీగా తయారుచేసినచో, ఎడమ హాఫ్ బ్యాకు అను గడిలో ఎవరి పేరు వ్రాయవలెనో నాకు సందేహము లేదు.

ఈ వ్యాసము చిత్తుప్రతిని మా ఇంటిలోనే ఒక పెద్దమనిషికి చదివి వినిపించితిని. ఆయన నాటి ఆటలు కొన్ని చూచినవారు. అంతయు విని, “నూర్ సంగతి నీవు చెప్పినట్లే ఉండవచ్చును, కాని మీ మేనమామ మాత్రము చివరివరకు అజీజ్ పక్షమే” అనిరి. ఆ మాట నిజమే.